“నిశ్శబ్దం” బోర్డు కింద ఈ పిల్లలకు చోటెక్కడ?

ఆటిజం (మాట, నలుగురితో కలవడం, చప్పుడు, వెలుగు లాంటివాటిని మెదడు వేరే తీరుగా అందుకునే స్థితి) ఉన్న పిల్లలను ఊరి గ్రంథాలయానికి తీసుకుపోవచ్చా, పోతే అక్కడ ఏం చేయాలి అని ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పాఠకులు రాశారు. కొన్ని ఉత్తరాలు తల్లిదండ్రులవి, కొన్ని గ్రంథపాలకులవి. ఒకటి బాగా కోపంగా రాసింది. పేర్లు తీసేసి, ఒకే తీరు ప్రశ్నలను కలిపి వేస్తున్నాం. ప్రత్యేక విద్యలో, గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు కూర్చొని రాసిన జవాబులివి.

ప్రశ్న: మా బాబుకు ఏడేండ్లు. రెండుసార్లు గ్రంథాలయానికి తీసుకపోయిన. లోపలికి పోంగనే బీరువా తలుపు తీసుడు, మూసుడు. ఆ చప్పుడంటే వానికి ఇష్టం. ర్యాకులున్న పుస్తకాలన్నీ కింద పడేసిండు. పేపరు చదువుకునే పెద్దమనిషి “పిల్లగాన్ని జర సముదాయించుకోరాదమ్మా” అన్నడు. మళ్ల పోవాలంటే కాళ్లు వస్తలేవు.
— ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: రెండుసార్లూ మీరు పుస్తకం కోసం పోయారు. ఇక ముందు నాలుగైదు సార్లు పుస్తకం సంగతి మరిచిపోండి. బాబుకు ఆ చోటు అలవాటు కావడం ఒక్కటే పని.

ముందుగా మీరొక్కరే పోయి ఫోన్‌తో ఆరు ఫొటోలు తీసుకోండి: గేటు, చెప్పులు విడిచే చోటు, సంతకం పెట్టే రిజిస్టరు ఉన్న బల్ల, పిల్లల పుస్తకాల ర్యాకు, బాబు కూర్చోబోయే కుర్చీ, మళ్లీ గేటు. జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీయించి, పేజీకి ఒక్క ఫొటో అంటించి, కింద ఒక్క వాక్యం రాయండి. “ఇది గ్రంథాలయం గేటు.” “ఇక్కడ చెప్పులు విడుస్తాం.” చివరి పేజీలో “అమ్మ ‘అయిపోయింది’ అంటుంది. ఇంటికి పోతాం.” ఏం చేస్తామో రాయండి గానీ ఏం చేయకూడదో రాయకండి. “బీరువా ముట్టొద్దు” అని రాస్తే బాబు మనసులో మిగిలేది బీరువాయే. ఈ పుస్తకాన్ని వారం పాటు రోజూ ఒకే వేళకు చూపించి చదవండి.

మొదటిసారి పదే నిమిషాలు ఉండండి. బాబు ఇంకా కుదురుగా ఉన్నప్పుడే బయలుదేరాలి. “బాగనే ఉన్నడు కదా, ఇంకో పావుగంట” అనుకున్న చోటే చాలామందికి బెడిసికొడుతుంది. పిల్లవాడు ఏడుస్తూ బయటికొస్తే వాడికి గుర్తుండేది ఆ ఏడుపే. రెండోసారి పదిహేను, మూడోసారి ఇరవై. మధ్యలో ఒకసారి చెడిపోతే మళ్లీ పదికి దిగండి.

బీరువా సంగతి. ఆ చప్పుడు బాబుకు ఒక అవసరం, అల్లరి కాదు. గ్రంథపాలకుడితో ముందే మాట్లాడి, పోగానే ఐదుసార్లు తీసి మూయనివ్వండి. పైకి లెక్కపెట్టండి. “ఐదు. అయిపోయింది.” తర్వాత ఆయన తాళం వేస్తారు. ఇట్లా చేస్తే అలవాటు ముదురుతుందని కొందరు అంటారు. లెక్క, తాళం రెండూ ప్రతిసారీ ఉంటే ముదరదు. ఒకరోజు ఐదు, ఒకరోజు పదిహేను అయితేనే ముదురుతుంది. పుస్తకాలు పడేసే చేతులకు కూడా పని చూపించండి. ఒక ప్లాస్టిక్ బుట్టలో పది గట్టి అట్టల పుస్తకాలు, ప్రతిదాని వెన్ను మీద ఎర్ర చుక్కో నీలం చుక్కో ఉంటే చాలు. తీయడం, రంగు చూసి మళ్లీ సర్దడం. వరుసగా పేర్చడం ఇష్టమున్న పిల్లలు ఈ పనికి అరగంట కూర్చుంటారు.

పెద్దమనిషికి మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అయినా చిన్న చీటీ ఒకటి చేతిలో ఉంటే మీకే సులువు: “మా బాబుకు ఆటిజం ఉంది. కావాలని చేయడం లేదు. పది నిమిషాల్లో పోతాం.” చాలామంది చదివి తల ఊపి మళ్లీ పేపర్లో తల పెడతారు.

ఇంకొక మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ దిక్కు సాగర్ ఎడమ కాలువ పారుతుంది. ఇట్లాంటి పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఆకర్షణ. చేయి విడిపించుకుని ఉరికితే అటే పోతారు. గ్రంథాలయంలో ఉన్నంతసేపు గేటుకు గొళ్లెం ఉండాలి. బాబు అంగీ జేబులో మీ ఫోన్ నంబరున్న చీటీ ఉండాలి. ఎప్పుడైనా కనిపించకపోతే బజారు వెతకడానికి ముందు కాలువ, కుంట, బావి దగ్గరికి మనుషులను పంపండి.

ప్రశ్న: మాది శాఖా గ్రంథాలయం. ఒకటే హాలు. నేను, ఒక అటెండరు. పొద్దున పేపర్లకు వచ్చే పెద్దలు, మిగతా టైమంతా కానిస్టేబుల్, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు. ప్రత్యేక గది లేదు, బడ్జెట్ లేదు. మా వల్ల అయ్యే పని ఏమన్నా ఉందా?
— గ్రంథపాలకుడు, దేవరకొండ ప్రాంతం

జవాబు: గది లేదని బాధపడకండి. గది ఉండి, వారానికో తీరుగా నడిచే గ్రంథాలయం కన్నా ఒక మూల ఉండి, ఎప్పుడూ ఒకే తీరుగా నడిచేది ఈ పిల్లలకు మేలు. పోయిన వారం చూసింది ఈ వారం కూడా అట్లాగే ఉండాలి. వారానికి ఒక గంట, అదే మూల, అదే మనిషి. మిగతావన్నీ ఈ మూడింటి తర్వాతే.

గంటను మీ తీరిక చూసి పెట్టకండి. రిజిస్టరు చూసి పెట్టండి. రెండు వారాల పాటు అరగంటకోసారి హాల్లో ఎందరున్నారో లెక్క రాయించండి. ఏ రోజు, ఏ వేళ జనం పల్చబడుతుందో ఆ కాగితమే చెబుతుంది. ఆ గంట ఒకసారి పెట్టాక మార్చొద్దు. సెలవు వచ్చిపడితే ముందురోజే తల్లిదండ్రులకు ఫోన్ చేయండి, మూసిన గేటు ఫొటో కూడా పంపండి. “రేపు బంద్” అన్న మాట కన్నా ఆ ఫొటో పిల్లవాడికి తొందరగా అర్థమవుతుంది.

తర్వాత హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు కూర్చోండి. వినిపించిన ప్రతి చప్పుడూ రాయండి. మనకు అలవాటై వినిపించడం మానేసినవి ఎన్నో దొరుకుతాయి. ఇనుప కుర్చీలు గచ్చు మీద కీచుమంటాయి. కాళ్లకు రబ్బరు బుష్‌లు తొడగండి, అవి లేకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి కట్టినా పనికొస్తాయి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో తిరిగే కొన్ని ఫ్యాన్లు ఒకటి, రెండు నంబర్ల మీద మూలుగుతాయి. ఆ గంటసేపు ఫుల్లు మీద ఉంచండి, లేదా ఆ మూల ఫ్యాను ఆపేయండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు బీప్ మంటుంటే దాన్ని ఆ మూలకు దూరంగా జరపండి.

ఇక లైట్లు. చోకు ఉన్న పాత ట్యూబులైటు మన 50 హెర్ట్‌జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. మన కంటికి ఆనదు. ఈ పిల్లల్లో కొందరు దాన్ని పట్టేస్తారు, దానికి తోడు చోకు గుయ్యిమంటుంది. పిల్లవాడు ఊరికే కళ్లు నులుముకుంటున్నా, పైకి చూసి చెవులు మూసుకుంటున్నా ముందు లైటును అనుమానించండి. ఆ మూలలో ఉన్న ఒక్కటి మార్చి ఎల్‌ఈడీ పట్టీ పెడితే చాలు. చవక ఎల్‌ఈడీ కూడా మిణుకుతుంది. కొనేముందు షాపులోనే వెలిగించి ఫోన్ కెమెరాలోంచి చూడండి, తెర మీద నల్లచారలు కదులుతుంటే వద్దనండి.

వాసన ఎవరికీ గుర్తుకు రాదు. ఆ రోజు పొద్దున ఫినాయిలుతో తుడిస్తే కొందరు పిల్లలు గడపలోనే వెనక్కి తిరుగుతారు. ముందురోజు సాయంత్రమే తుడిపించండి. దేవుడి పటం దగ్గర అగరుబత్తి ఆ గంట అయ్యాక వెలిగించుకోవచ్చు.

మూలకు ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చాలు. వాకిలి పక్కన వద్దు, రోడ్డు కిటికీ కింద వద్దు. రెండు పొట్టి ర్యాకులను మూలమట్టంగా కలిపితే ఒక గూడులా అవుతుంది. ర్యాకు మూడున్నర అడుగులు దాటొద్దు, బల్ల దగ్గర కూర్చున్న మీకు పిల్లవాడి తల కనపడాలి. ఎక్కే పిల్లలుంటారు గనుక ర్యాకును గోడకు క్లాంపులతో బిగించాల్సిందే. కింద ఒకే రంగు చాప పరవండి. గోడకు బొమ్మల ఫ్లెక్సీలు, రంగు కాగితాలు, బెలూన్లు కట్టి “పిల్లల మూల” అని మురిసిపోకండి, ఈ పిల్లలకు అంత రంగుల గోల తలనొప్పి.

గోడ మీద ఉండాల్సింది ఒక్కటే, బొమ్మల వరుస. ఏ4 కాగితాన్ని ఎనిమిది సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి ఇంచుమించు పదిన్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు వస్తుంది. ఆరు ముక్కలు వాడండి: చెప్పులు, సంతకం, పుస్తకం తీసుకోవడం, చదవడం, ముద్ర, ఇల్లు. నెట్‌లో దొరికే బొమ్మలు వద్దు. మీ రిజిస్టరు, మీ ముద్ర, మీ గేటు ఫొటోలే కావాలి. లామినేషన్ చేయించి, వెనక వెల్క్రో ముక్క అంటించి, అట్ట పట్టీ మీద పై నుంచి కిందికి వరసగా పెట్టండి. పక్కన “అయిపోయింది” అని రాసిన ఒక కవరు. పని అయినప్పుడల్లా పిల్లవాడే ఆ బొమ్మ పీకి కవర్లో వేస్తాడు. వెల్క్రో “చర్‌” మన్నప్పుడల్లా ఒక పని గడిచినట్టు వాడికి తెలుస్తుంది. ఫొటో చూసినా పట్టించుకోని పిల్లలకు వస్తువే చేతికివ్వాలి. సంతకానికి పెన్ను, ఇంటికి చెప్పు.

ఒక చిన్న బుట్టలో ఐదు నిమిషాల ఇసుక గడియారం, చప్పుడు తగ్గడానికి చెవులకు పెట్టుకునే మఫ్‌లు రెండు జతలు ఉంచండి. ఫ్యాక్టరీ కూలీలు వాడే మఫ్‌లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. పెద్దల సైజువి చిన్న తలకు జారిపోతాయి, బిగుతువి నొప్పి పుట్టిస్తాయి, పట్టీ సర్దుకునే రకం చూడండి. ఒకరు పెట్టుకున్నాక స్పిరిట్‌తో తుడవాలి.

నేర్పేదెవరు అంటారా? మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్షా కింద నడిచే భవిత కేంద్రం టీచరును అడగండి. మండలంలో ఏ ఊర్లో ఏ పిల్లవాడున్నాడో వాళ్లకు తెలుసు. మొదటి రెండు వారాలు వచ్చి మీ పక్కన కూర్చోమనండి. ఖర్చుకు జిల్లా గ్రంథాలయ సంస్థకు కాగితం పెట్టండి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను ఆ సంస్థకు చేరాల్సిందే. ఒక ఎల్‌ఈడీ, నాలుగు క్లాంపులు, లామినేషన్‌కు పెద్ద మొత్తం అక్కర్లేదు. ఏమేం కావాలో అంకెలతో రాస్తే కాగితం కదులుతుంది, “ఆటిజం పిల్లల అభివృద్ధికి నిధులు” అని రాస్తే ఫైల్లోనే ఉంటుంది.

ఇక చేయకూడనిది ఒకటి. దయచేసి ప్రారంభోత్సవం పెట్టకండి. మైకు, రిబ్బను, చప్పట్లు, విలేకరుల ఫ్లాష్‌లు. ఆ పిల్లలు మళ్లీ మీ గడప తొక్కరు.

ప్రశ్న: మేము రూము కిరాయి కట్టలేక ఊర్ల నుంచి వచ్చి గ్రంథాలయంలో చదువుకుంటున్నం. పొద్దున్నే రాకుంటే కుర్చీ దొరకదు. అండ్లకు ఈ పిల్లలను తెచ్చి అరిపిస్తే మేము యాడికి పోవాలె? హక్కులు వాళ్లకేనా, మాకు లేవా?
— ఉద్యోగార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మీ కోపంలో న్యాయముంది. కుర్చీల కొరత కూడా నిజమే. కానీ ఆ కొరత ఈ పిల్లలు తెచ్చింది కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. కాబట్టి గ్రంథపాలకుడు “ఈ పిల్లలు రావొద్దు” అనలేరు. ఆయన చేయగలిగింది, చేయాల్సింది మీకు ముందే చెప్పడం. వారంలో ఆ ఒక్క గంట ఏదో పది రోజుల ముందే బోర్డు మీద ఉండాలి. ఆ గంటకు మీ బల్లలు వరండాలోకో, పేపర్ల గదిలోకో మారాలి. మాక్ టెస్టు రాసే రోజున ఆ గంట పడకుండా ముందే అడిగి పెట్టించుకోండి. చెవి మఫ్‌ల బుట్టలో మీకు కూడా రెండు జతలు పెట్టమనండి, ఎవరూ కాదనరు.

ఒక సంగతి కూడా గమనించండి. ఆటిజం అంటే అరిచే పిల్లలే కాదు. ఎవరితోనూ మాట్లాడకుండా, ఎప్పుడూ అదే కుర్చీలో కూర్చుని, ఫ్యాను చప్పుడుకు చిరాకుపడే అభ్యర్థుల్లో కూడా ఆటిజం ఉన్నవాళ్లు ఉండొచ్చు. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడిగితే మొదటి లాభం మీ హాలుకే.

ప్రశ్న: సారూ, నాకు సదువు రాదు. పక్కింటి పిల్లతోని రాయిస్తున్న. నా కొడుకు, కోడలు బొంబాయికి పనికి పోయిండ్రు. మనుమడు నా తాన్నే ఉంటడు. తొమ్మిదేండ్లు. మాట రాదు, బొమ్మలు జూస్తడు. ఇంట్ల కన్నడం, బయట తెలుగు. రెండు బాసలతోని మాట పోయిందని అంటున్రు. లైబ్రరీకి తోల్కపోతే నాకేమన్న ఎర్కైతదా?
— ఒక అవ్వ, నారాయణపేట దిక్కు

జవాబు: అవ్వా, ముందు ఆ మాట తీసెయ్. రెండు భాషల వల్ల ఆటిజం రాదు, రెండు భాషలు వింటే మాట వెనకబడదు. నీకు ఏ భాష నోటికి వస్తే ఆ భాషలనే మనుమనితోని మాట్లాడు. రాని భాషల మాట్లాడితే నీ మాట తక్కువైతది, వానికి అందేది ఇంకా తక్కువైతది.

సదువు రాకున్నా పుస్తకం చూపెట్టొచ్చు. అక్షరాలు లేని బొమ్మల పుస్తకం అడుగు. ఒక్క పేజీల ఒకటి, రెండు బొమ్మలే ఉన్నది తీసుకో, మస్తు బొమ్మలున్నది వద్దు. వాని పక్కకు కూసో, ఎదురుగా వద్దు. వాడు ఏ బొమ్మ జూస్తుంటే ఆ బొమ్మ పేరు ఒక్కసారి చెప్పు. “ఎడ్లు.” అంతే. “ఇదేంది? చెప్పు, చెప్పు” అని అడగొద్దు. పేరు చెప్పి, నీ మనసుల పది అంకెలు లెక్కపెట్టు. వాడు నీ చెయ్యి పట్టుకొని బొమ్మ మీద పెడితే అదే వాని మాట. ఇంకోసారి పేరు చెప్పు.

లైబ్రరీ సారును ఒక్కటి అడుగు. వాని కొరకు చిన్న అట్టలు నాలుగు చేయించి ఇయ్యమను: నీళ్లు, ఒంటేలు, ఇంకోసారి, ఇంటికి. సుతిలి దారానికి గుచ్చి నీ కొంగుకు కట్టుకో. వాడు గుంజితే ఏది కావాలెనో నీకు ఎర్కైతది. నీళ్ల బొమ్మ అంటే మీ ఇంట్ల కుండ ఫొటోనే ఉండాలె, బొంబాయి బాటిలు కాదు. కొడుకును ఫోన్‌ల వీడియో కాల్ చెయ్యమను, అదే పుస్తకం అటు నుంచి చూపెట్టమను.

ప్రశ్న: మా బాబుకు నాలుగేండ్లు. బస్టాండ్‌లో బస్సుల బోర్డులన్నీ చదివేస్తాడు, నంబర్లతో సహా. పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకడు. లైబ్రేరియన్ వీడు మేధావి అంటున్నారు, డాక్టరు ఆటిజం అంటున్నారు. ఎవరిది నిజం?
— ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: రెండూ కొట్టేసుకునే మాటలు కావు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలు ఎవరూ నేర్పకుండానే చాలా ముందుగా అక్షరాలు చదువుతారు. చదివినదాని అర్థం మాత్రం వెనకబడి ఉంటుంది. “కల్వకుర్తి” అని చదివినవాడికి ఆ బస్సు ఎటు పోతుందో తెలియకపోవచ్చు. చూసేవాళ్లు మురిసిపోయి పెద్ద పుస్తకాలు చేతికిస్తారు, అసలు సహాయం ఆలస్యమవుతుంది. డాక్టరు చెప్పిన చికిత్స ఆపకండి.

కానీ ఆ చదువును వంతెనగా వాడుకోండి. చెవికి అందనిది బాబుకు కంటికి అందుతుంది. పిలిచి పలకలేదని గొంతు పెంచడం కన్నా చీటీ మీద “నాన్న దగ్గరికి రా” అని రాసి చూపించండి. గ్రంథాలయంలో కూడా అంతే, “ఇంకో రెండు పేజీలు, తర్వాత ఇల్లు” అని రాసి ముందర పెట్టమనండి. పుస్తకాల్లో బస్సులు, రైళ్లు, పటాలు, పాత క్యాలెండర్లు ఇవ్వండి, అది కథ కాదని గ్రంథపాలకుడు నసగకూడదు. బస్సు బొమ్మ పక్కన “బస్సు ఎక్కు”, “బస్సు దిగు” అని రాసిన రెండు చీటీలు పెట్టి, బొమ్మ మనిషిని చేతిలోకి ఇచ్చి చేయించండి. చదివింది చేతిలోకి దిగినప్పుడు అర్థం మొదలవుతుంది.

ప్రశ్న: ఆదివారం పిల్లలకు కథలు చెప్పే వాలంటీర్లం మేము. ఆటిజం ఉన్న నలుగురు పిల్లలు వస్తామన్నారు. మామూలుగా మేము డప్పు కొట్టి, పాట పాడించి, చివర్లో నీతి అడుగుతాం. ఏం మార్చుకోవాలి?
— సూర్యాపేట

జవాబు: డప్పు మానేయండి, నీతి మానేయండి. మిగతాది సర్దుకోవచ్చు.

నలుగురికి ఇద్దరు పెద్దలు, తల్లిదండ్రులు కాకుండా. మొత్తం అరగంట. కూర్చునే చోట్లను నేల మీద రంగు టేపుతో గుర్తు పెట్టి, ఎవరి గుర్తు వారిది, వారం వారం అదే అని ఉంచండి. మొదటి ఐదు నిమిషాలు ఒకే పాట, మెల్లగా. తర్వాత ఎనిమిది నుంచి పది నిమిషాల కథ. ఆ తర్వాత పదిహేను నిమిషాలు చేతులతో పని. నిలబడి వినేవాళ్లను, తిరుగుతూ వినేవాళ్లను కూర్చోబెట్టకండి. మీ వైపు చూడకపోయినా వింటుంటారు.

అదే కథ నాలుగు వారాలు చెప్పండి. మీకు విసుగొస్తుంది, వాళ్లకు రాదు. మొదటి వారం ఏం జరుగుతుందో తెలియని బెదురు, రెండో వారం పోల్చుకోవడం, మూడో వారానికి తర్వాతి పేజీలో ఏముందో ముందే నవ్వడం. మీరు విసిగిపోయి రెండో వారమే కథ మార్చేస్తే ఆ నవ్వు చూడకుండానే పోతారు. ప్రతి పేజీలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక వాక్యం ఉన్న కథ ఎంచుకోండి. స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు. పేజీకి రెండు మూడు వాక్యాలున్న మొదటి స్థాయివి చూడండి.

కథలో వచ్చే వస్తువులు నిజంగా తేండి. జొన్నల కథ అయితే గిన్నెడు జొన్నలు, వాటిలో చేతులు ముంచనివ్వండి. నోట్లో పెట్టుకునే పిల్లలుంటే జొన్నలు వద్దు, జొన్నరొట్టె తేండి. తడి, జిగట ముట్టుకోలేని పిల్లలకు చెంచా ఇవ్వండి, చేయి పట్టుకుని ముంచకండి.

ప్రశ్న అడిగితే పది సెకన్లు ఆగండి. మనకు మూడు సెకన్లకే నోరు దురద పెడుతుంది, అదే ప్రశ్నను వేరే మాటల్లో అడుగుతాం. వాళ్లకు అది రెండో ప్రశ్న, మళ్లీ మొదటికొస్తారు. “కోతి ఏం చేసింది?” అనడం కన్నా రెండు బొమ్మలు చూపి “ఏది?” అనండి. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఆడించండి. చెవిటివాళ్లు చప్పట్లు కొట్టే తీరది, మామూలు పిల్లలు కూడా భలే సరదాగా నేర్చుకుంటారు.

ప్రశ్న: సభ్యత్వం కావాలంటే సదరం సర్టిఫికెట్ తెమ్మంటారా?
— వనపర్తి

జవాబు: అక్కర్లేదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం, యూడీఐడీ కార్డు పింఛను, రాయితీల కోసం. పుస్తకానికి మామూలు సభ్యత్వం చాలు. ఎవరైనా అడిగితే ఏ నిబంధన కింద అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమనండి.

ప్రశ్న: ఒక పాప ఉన్నట్టుండి నేల మీద పడి తల కొట్టుకుంది. చుట్టూ జనం మూగిన్రు. ఒకరు చేతిల తాళాల గుత్తి పెట్టిన్రు. నేను ఏం చేయాల్సింది?
— గ్రంథాలయ అటెండరు, నాగర్‌కర్నూల్

జవాబు: రెండు వేర్వేరు సంగతులు ఇక్కడ కలిసిపోయాయి. భరించలేనంత చప్పుడో, వెలుగో, మార్పో మీద పడి పిల్లలు ఇట్లా కూలబడటం ఒకటి. ఫిట్స్ ఇంకొకటి. ఆటిజం ఉన్నవాళ్లలో ఫిట్స్ మిగతావాళ్ల కన్నా ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి తేడా తెలిసి ఉండాలి.

కళ్లు తెరిచి ఉండి, ఏడుస్తూ, తోసేస్తూ ఉంటే మొదటిది. అప్పుడు జనాన్ని పంపేయండి, లైటు ఆర్పండి. తల కింద మడిచిన బొంతో, సంచో పెట్టండి, చేతులు పట్టుకోకండి. మాట్లాడొద్దు. మాట్లాడితే “నేనిక్కడే ఉన్నా” అని ఒక్కసారి, అంతే. బుజ్జగింపు కూడా ఆ క్షణాన ఒక చప్పుడే. పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట పడుతుంది. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీస్తుంటే ఆపించడం మీ డ్యూటీ. తగ్గాక నీళ్లు ఇవ్వండి, “ఎందుకట్ల చేసినవ్” అని అడగొద్దు. అంతకు ముందు ఐదు నిమిషాల్లో ఏం మారిందో మాత్రం పుస్తకంలో రాసుకోండి. మూడు నాలుగుసార్లు రాస్తే కారణం బయటపడుతుంది.

కళ్లు తేలేసి, ఒళ్లు బిగుసుకుని కొట్టుకుంటూ, పిలిస్తే తెలివి లేకపోతే ఫిట్స్. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గట్టి వస్తువులు దూరం జరపండి. టైము చూడండి. తాళాలు, ఉల్లిగడ్డ వల్ల ఆగదు. నోట్లో చెంచా, నీళ్లు అసలే పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ మొదలైనా, అదే మొదటిసారి అయినా 108కి ఫోన్ చేయండి. ఆగాక పాప మత్తుగా పడుకుంటుంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా పక్కనే ఉండండి.

ప్రశ్న: ఒక బాబు ఒకే పుస్తకం నాలుగు నెలలుగా తీసుకుపోతున్నాడు. అంచులు నమిలేశాడు, రెండు పేజీలు చింపాడు. జరిమానా వేయాలా?
— గ్రంథపాలకురాలు, గద్వాల

జవాబు: వేయకండి. రెండో కాపీ తెప్పించి దాచండి. ఈ కాపీని ఆ బాబు పేరు మీద వదిలేసి, గడువు వచ్చినప్పుడల్లా రెన్యువల్ చేయండి. ఉన్నట్టుండి “ఇది చాలు, ఇంకోటి తీసుకో” అంటే రావడమే మానేస్తాడు. అదే పుస్తకం పక్కన దాన్ని పోలినది ఒకటి పెట్టి ఊరుకోండి. మూడో వారానికో పదో వారానికో చేయి అటు పోతుంది.

నమిలే పిల్లలకు మెత్తటి అట్టల పుస్తకాలు వద్దు. గట్టి అట్టలవి ఇవ్వండి, లేదా పేజీలను విడదీసి లామినేషన్ చేయించి స్పైరల్ వేయించండి. లామినేషన్ మూలలు కత్తిలా ఉంటాయి, గుండ్రంగా కత్తిరించాలి. స్పైరల్ తీగ చివరలను లోపలికి మడవాలి, లేకపోతే నోట్లో గుచ్చుకుంటుంది. చిరిగిన పేజీలకు సెల్లో టేపు వేయకండి, కొన్నేళ్లకు పచ్చబడి అక్షరాలను కూడా తినేస్తుంది. పల్చటి టిష్యూ కాగితం, మైదా గంజి చాలు. గంజిలో చిటికెడు మైలుతుత్తం కలపడం బైండర్ల అలవాటు, పురుగు పట్టదని. అది విషం. నోట్లో పెట్టుకునే పిల్లల పుస్తకానికి అది కలపొద్దని మీ బైండరుకు ముందే చెప్పండి.